కంపెనీ స్టీరియో మనమే మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు, కత్తెర మాత్రం దూరంగా పెట్టండి

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు మీ ప్రశ్నను కుదించి రాస్తాను. బండి 2012 మోడల్ స్విఫ్ట్. కంపెనీ స్టీరియోలో బ్లూటూత్ లేదు, పైగా ఒక సీడీని మింగేసి మళ్లీ కక్కడం లేదు. షాపులో అడిగితే "పాత కప్లర్ కోసేసి కొత్త వైర్లకు చుట్టేస్తాం, గంటలో బండి ఇచ్చేస్తాం" అన్నారు. (కప్లర్ అంటే వైర్ల గుత్తిని ఒకేసారి తగిలించే ప్లాస్టిక్ ప్లగ్గు.) మీకు మల్టీమీటర్, అంటే వోల్టులు, కరెంటు కొలిచే మీటరు, పట్టడం వచ్చు. ఒక ఆదివారంలో మీరే చేసుకోగలరా అన్నది సందేహం.

చేసుకోగలరు. మొదటిసారి కాబట్టి నాలుగైదు గంటలు పెట్టుకోండి. అందులో స్టీరియో ఊడదీసి బిగించేది గంట కూడా ఉండదు, మిగతాదంతా వైర్ల పనే. ఆ పని చాలావరకు కారులో కూర్చుని కాదు, ఇంట్లో బల్ల దగ్గర చేసుకోవాలి. అదెందుకో కింద చెప్తాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 20 ఏళ్లకు పైగా కారు ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. షాపువాళ్లు ఎందుకు కోస్తారో నాకు తెలుసు, ఎందుకంటే మొదట్లో నేనూ కోసినవాణ్ణే. మీ మోడల్‌కు సరిపోయే కప్లర్ వెతికి తెప్పించాలంటే ఒకరోజు ఆలస్యం. కోసి చుట్టడానికి పదిహేను నిమిషాలు చాలు. డ్యాష్‌బోర్డు మూసేశాక లోపల ఏముందో కస్టమర్‌కు కనిపించదు. తేడా ఎప్పుడు తెలుస్తుందంటే మొదటి ఎండాకాలంలో. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండి డ్యాష్‌బోర్డు వెనక ఇన్సులేషన్ టేపు జిగురు కరిగి కారుతుంది, చుట్టు జారిపోతుంది, లోపల రాగి తీగ బయటపడుతుంది. పక్క వైరుకు తగిలితే ఫ్యూజు పోవడం మంచి రకం నష్టం. ఫ్యూజు బదులు ఎవరో అంతకు ముందే ఎక్కువ ఆంపియర్లది పెట్టి ఉంటే పొగే.

కోస్తే ఇంకో నష్టం: ఆ బండికి కంపెనీ స్టీరియో మళ్లీ ఎప్పటికీ పెట్టలేరు. కప్లర్ కోయకుండా మధ్యలో అడాప్టర్ కప్లర్ పెట్టుకుంటే, బండి అమ్మేరోజు పాతది పావుగంటలో తిరిగి బిగించి, కొత్తది మీ వెంట తీసుకెళ్లొచ్చు.

మీ బండి విషయంలో ధైర్యంగా చేసుకోండి అంటున్నాను గానీ ఇదే మాట అందరికీ చెప్పను. కొత్త కార్లలో స్క్రీను పాటలకే పరిమితం కాదు. ఏసీ సెట్టింగులు, రివర్స్ కెమెరా, పార్కింగ్ సెన్సర్ బీప్, టైర్ల గాలి, తలుపు లాకుల సెట్టింగులు అన్నీ దాని మీదే కనిపిస్తాయి. అవన్నీ క్యాన్ బస్ అనే రెండు వైర్ల మీద మాట్లాడుకుంటాయి. అక్కడ స్టీరియో పీకితే ఏది పోతుందో ముందే తెలియదు, తిరిగి రావాలంటే ఆ మాటలను కొత్త స్టీరియోకు అర్థమయ్యేలా చేసే, ఆ మోడల్‌కు సరైన డీకోడర్ డబ్బా ఉండాలి. అలాంటి బండి వారంటీలో ఉంటే దాని జోలికి పోకుండా, ఉన్న స్టీరియోకే ఏదైనా అడాప్టర్ దొరుకుతుందేమో చూడమంటాను. మీ తరం స్విఫ్టుకు ఆ బెడద లేదు.

ఇప్పుడు కొనుగోలు. అందరూ ముందు స్టీరియో కొని తర్వాత ఫ్రేము కోసం తిరుగుతారు. తిరగేసి చేయండి. ముందు మీ మోడల్‌కు ఫ్రేము, కప్లర్ దొరుకుతాయని ఖాయం చేసుకోండి. ఆ తర్వాతే స్టీరియో.

స్టీరియో సైజు ఒక జర్మన్ కొలత నుంచి వచ్చింది, డిన్ అంటారు. సింగిల్ డిన్ ముఖం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. డబుల్ డిన్ అంటే అదే వెడల్పు, 100 ఎత్తు. పాత మారుతీ 800ల్లో, జెన్‌లలో సింగిల్ డిన్ పెట్టె సరిగ్గా కూర్చునేది. మీ స్విఫ్టులో కంపెనీవాళ్లు డ్యాష్‌బోర్డు వంపుకు తగ్గట్టు స్టీరియో ముఖం పోతపోశారు. అది తీస్తే డబుల్ డిన్ పట్టేంత చోటు ఉంటుంది గానీ చుట్టూ సందులు మిగులుతాయి. ఆ సందులు మూసేదే ఫ్రేము. టయోటా బండ్లలో రంధ్రం 200 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, వాటికి పక్కన చిన్న బద్దలు పెడతారు. ఇప్పుడొచ్చే 9 అంగుళాల స్క్రీన్లకు మోడల్‌వారీగా వేరే ఫ్రేములు ఉంటాయి, ఏడు అంగుళాల దాని ఫ్రేము వాటికి పనికిరాదు. ఫ్రేము కొనేటప్పుడు బండి మోడల్ పేరొక్కటే కాకుండా సంవత్సరం కూడా చెప్పండి, స్విఫ్టు పేరుతో ఇప్పటికి చాలా తరాలు వచ్చాయి.

ఏ స్టీరియో? నా అభిప్రాయం నచ్చకపోవచ్చు. మీకు కావలసింది మ్యాపులు, కాల్స్, పాటలే అయితే పయనీర్, సోనీ, జేవీసీ, కెన్‌వుడ్ లాంటి పేరున్న కంపెనీల్లో ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే (ఫోన్‌లోని మ్యాపులు, కాల్స్ స్టీరియో తెర మీద చూపించేవి) ఉన్న మామూలు మోడల్ తీసుకోండి. పెట్టె మీద "4 జీబీ ర్యామ్, 64 జీబీ" అని రాసుండే పేరు లేని ఆండ్రాయిడ్ స్క్రీన్లు చౌకగా వస్తాయి, వాటిలో బాగున్నవీ ఉన్నాయి. కానీ సెట్టింగుల్లో కనిపించే ర్యామ్ అంకె కూడా దొంగ అంకె కావచ్చు, సాఫ్ట్‌వేర్‌లో ఆ అంకె మార్చిపెట్టడం వాళ్లకు చిటికెలో పని. ఎఫ్ఎం పట్టడంలో చాలావాటికి సత్తా తక్కువ. అన్నిటికన్నా ముఖ్యం, కీ తీసేశాక కూడా కొన్ని బ్యాటరీని తాగుతూనే ఉంటాయి. దాని లెక్క తర్వాత చెప్తాను.

"50 వాట్స్ ఇంటు 4" అనే మాటకు మోసపోవద్దు. ఇక్కడ చిన్న లెక్క చాలు. స్టీరియో వెనక ఫ్యూజు చూడండి, సాధారణంగా 10 ఆంపియర్లు ఉంటుంది. ఇంజన్ నడుస్తున్నప్పుడు బండి కరెంటు సుమారు 14 వోల్టులు. పది పద్నాలుగులు 140. లోపలికి పోయేదే 140 వాట్లయితే బయటికి 200 ఎక్కడి నుంచి వస్తాయి? అందులోనూ కొంత వేడిగా పోతుంది. నిలకడగా ఒక్కో స్పీకరుకు 20 వాట్ల దాకా వస్తే గొప్ప. కంపెనీ స్పీకర్లకు అది ధారాళంగా సరిపోతుంది కూడా. స్పీకర్లు 4 ఓములవైతే ఇప్పుడే మార్చాల్సిన పని లేదు, ముందు స్టీరియో మార్చి విని చూడండి.

పనిముట్లు పెద్దగా ఏమీ అక్కర్లేదు. ప్లాస్టిక్ పట్టీలు (ప్యానల్ ఊడదీసేవి, స్క్రూడ్రైవర్ పెట్టి లేపితే గీతలు పడతాయి), స్టార్ స్క్రూడ్రైవర్, పది నంబరు పానా, మల్టీమీటర్, ఒక పెన్సిల్ సెల్లు, సోల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ స్లీవు (వేడి చేస్తే వైరుకు బిగుసుకునే గొట్టం). సోల్డరింగ్ రాకపోతే మంచి క్రింపింగ్ ప్లయరు, క్రింప్ స్లీవులు (రెండు వైర్లను లోపల పెట్టి ప్లయరుతో నొక్కేసే లోహపు గొట్టాలు). సోల్డరింగ్ మేలా క్రింపింగ్ మేలా అని మా ఆటోనగర్‌లో టీ కొట్టు దగ్గర ఇప్పటికీ వాదించుకుంటారు. సరిగ్గా చేస్తే రెండూ మంచివే. చేత్తో మెలిపెట్టి టేపు చుట్టడం మాత్రం రెండింటిలో దేనికిందా రాదు.

బల్ల దగ్గర చేయాల్సిన పని ఇదే. అడాప్టర్ కప్లర్‌కు ఒకవైపు మీ బండి కప్లర్‌లో దిగే మూతి ఉంటుంది, రెండోవైపు వట్టి వైర్లు. కొత్త స్టీరియోతో వచ్చే కప్లర్‌కు కూడా రెండోవైపు వట్టి వైర్లే. ఈ రెండు వట్టి చివరలనూ ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని కలుపుకోండి. కారులో తల కిందికి పెట్టి, గేరు రాడ్ పొట్టలో గుచ్చుకుంటూ సోల్డరింగ్ చేస్తే ఐరన్ సీటు మీద పడుతుంది. పడి చూసినవాణ్ణి చెప్తున్నాను.

బయట దొరికే స్టీరియోల వైర్ల రంగులు దాదాపు అన్ని కంపెనీల్లో ఒకటే. పసుపు డైరెక్ట్ కరెంటు, అంటే కీ తీసేసినా ఉండేది. ఎరుపు కీ కరెంటు. నలుపు ఎర్త్. నీలం యాంటెన్నాకు, నీలం మీద తెల్లగీత ఉన్నది బయట పెట్టుకునే యాంప్లిఫయర్‌ను ఆన్ చేయడానికి. నారింజ మీద తెల్లగీత లైట్లు వేసినప్పుడు స్క్రీను వెలుగు తగ్గడానికి. స్పీకర్లకు తెలుపు ముందు ఎడమ, బూడిదరంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. ఏ స్పీకరు వైరు జతలోనైనా నల్లగీత ఉన్నది మైనస్.

ఈ రంగులు స్టీరియో వైపుకే వర్తిస్తాయి. బండి వైపు రంగులు ఏ కంపెనీకి ఆ కంపెనీవి. బండిలో పసుపు కనిపించిందని స్టీరియో పసుపుకు కలిపితే కొంప మునుగుతుంది. మరో సంగతి, పసుపు తొడుగులో గానీ పసుపు కప్లర్‌తో గానీ వచ్చే వైరింగు ఎయిర్‌బ్యాగుది. దానికి మీటరు పెట్టొద్దు, టెస్ట్ ల్యాంపు అసలే పెట్టొద్దు.

ఇక కారు దగ్గరికి. హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్యాటరీ మైనస్ టెర్మినల్ పది నంబరు పానాతో విప్పి పక్కకు పెట్టండి. ప్లస్ కాదు, మైనసే ముందు. ప్లస్ విప్పుతూ పానా బాడీకి తగిలితే మెరుపు వస్తుంది, మైనస్ విప్పేస్తే ఆ భయం ఉండదు. కనీసం మూడు నిమిషాలు ఆగాక లోపల చెయ్యి పెట్టండి, ఎయిర్‌బ్యాగుల లోపలి కరెంటు దిగిపోవడానికి ఆ సమయం. ఎవరికైనా పాత హోండా, స్కోడా, ఫోక్స్‌వ్యాగన్ ఉంటే బ్యాటరీ విప్పక ముందే స్టీరియో కోడు ఎక్కడుందో చూసుకోండి, కరెంటు పోయి వస్తే కోడు అడిగేవి ఉన్నాయి. అద్దం ఒక్కసారి నొక్కితే దానంతటదే పైకి పోయే బండ్లలో తర్వాత ఆ పని ఆగిపోవచ్చు. అద్దం పూర్తిగా పైకి పోయాక స్విచ్ కొన్ని సెకన్లు అలాగే పట్టుకుంటే సాధారణంగా మళ్లీ నేర్చుకుంటుంది.

ప్యానల్ ఎక్కడ పట్టి లాగాలో, స్క్రూలు ఎక్కడున్నాయో మీ మోడల్ పేరుతో వీడియోలు ఉన్నాయి, అవి చూడండి. నా మాటల్లో రాసేకన్నా అదే మేలు. ఒక్కటి మాత్రం. ప్యానల్ ముందుకు రాగానే ఒక్కసారిగా గుంజకండి, వెనక హజార్డ్ స్విచ్ (నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వెలిగించేది) కప్లర్ లాంటివి వేలాడుతుంటాయి. ఏది ఎక్కడిదో ఫోన్‌లో ఫొటో తీసుకుని ఊడదీయండి. కొన్ని బండ్లలో ప్యాసింజర్ ఎయిర్‌బ్యాగు సూచిక దీపం కూడా ఆ ప్యానల్ మీదే ఉంటుంది. అది ఊడిపోయి ఉండగా కీ తిప్పితే డ్యాష్‌బోర్డు మీటరులో ఎయిర్‌బ్యాగు లైటు వెలిగి కూర్చుంటుంది, దాన్ని ఆర్పించడానికి స్కానరున్న చోటికి పోవాలి.

స్టీరియో బయటికి వచ్చాక కప్లర్ ఊడదీసి, ఆ చుట్టుపక్కల ఏదీ లోహానికి తగలకుండా చూసుకుని, ప్యానల్ వెనక విప్పిన మిగతా కప్లర్లన్నీ తిరిగి పెట్టి, బ్యాటరీ మళ్లీ కలపండి. ఇప్పుడు మీటరు పని.

మీటరు 20 వోల్టుల డీసీ మీద పెట్టి, నల్ల ప్రోబు బాడీ లోహానికి ఆనించి, ఎర్ర ప్రోబుతో కప్లర్ పిన్నులు ఒక్కొక్కటి ముట్టుకుంటూ రండి. కీ తీసి ఉండగానే 12 వోల్టులకు పైగా చూపిస్తే అది డైరెక్ట్ కరెంటు. కీ ఒక మెట్టు తిప్పాక కొత్తగా కరెంటు వచ్చిన పిన్ను కీ కరెంటు. పార్కింగ్ లైట్లు వేస్తే వచ్చేది ఇల్యూమినేషన్, అంటే లైట్ల వైరు. ఎర్తు కోసం మీటరును కంటిన్యూటీకి (రెండు చోట్ల మధ్య దారి ఉంటే బీప్ అనే మెట్టు) మార్చి బీప్ వింటారు. అక్కడే ఒక గుంట ఉంది, నేను పడ్డాను.

చాలా ఏళ్ల కిందటి మాట. ఎవరో అప్పటికే కప్లర్ కోసేసిన బండి వచ్చింది. వైర్లన్నీ మసిబారి రంగులు తెలియడం లేదు. ఒక వైరుకు మీటరు పెడితే బీప్ అంది. ఎర్తే అనుకుని స్టీరియో నల్లవైరుకు కలిపాను. పాట పాడింది, మూసేశాను, కస్టమర్ విశాఖపట్నం బయల్దేరాడు. రాత్రి అన్నవరం దాటాక ఫోను: హెడ్‌లైట్ల స్విచ్ వేయగానే స్టీరియో ఆగిపోయిందట, వెనక ఎర్రలైట్లు లేవట, డ్యాష్‌బోర్డు మీటరులో వెలుగు లేదట. నేను ఎర్తనుకున్నది ఇల్యూమినేషన్ వైరు. లైట్లు ఆర్పి ఉన్నప్పుడు ఆ వైరు వెనకలైట్లు, నంబరు ప్లేటు లైటు, మీటరు బల్బుల ఫిలమెంట్ల గుండా బాడీకి చేరుతుంది. చల్లగా ఉన్న ఫిలమెంట్లు అన్ని కలిసి ఉంటే నిరోధం ఎంత తక్కువంటే మీటరు బీప్ అనేస్తుంది. స్టీరియో కూడా ఆ బల్బుల గుండా, యాంటెన్నా కేబులు తొడుగు గుండా ఎర్తు తీసుకుని పగలంతా పాడింది. లైట్లు వేయగానే అదే వైరులోకి 12 వోల్టులు వచ్చాయి. స్టీరియో డబ్బా యాంటెన్నా కేబులు తొడుగు ద్వారా బాడీకి తగిలి ఉంది కదా, కరెంటు నేరుగా ఎర్తుకు పోయి టెయిల్ ల్యాంప్ ఫ్యూజు ఎగిరిపోయింది. హైవే మీద రాత్రిపూట వెనకలైట్లు లేని బండి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అప్పటి నుంచి ఎర్తును రెండుసార్లు చూస్తాను. లైట్లు ఆర్పి ఒకసారి, లైట్లు వేసి వోల్టేజి ఒకసారి. రెండోసారి కూడా సున్నా చూపిస్తేనే అది ఎర్తు. మీరూ అలాగే చూడండి. అడాప్టర్ కప్లర్ కొన్నాం కదా, ఇంకెందుకు అనుకోవద్దు. పసుపు, ఎరుపు తారుమారైన చవక కప్లర్లు నా చేతికే వచ్చాయి. కొన్ని యూరప్ బండ్లలో అయితే ఈ రెండు పిన్నులు కప్లర్‌లోనే అటుదిటు ఇటుదటుగా ఉంటాయి.

అవి తారుమారైతే ఏమవుతుందంటే, స్టీరియో బాగానే పాడుతుంది. కానీ కీ తీసిన ప్రతిసారీ గడియారం, ఎఫ్ఎం స్టేషన్లు, బ్లూటూత్ జతలు అన్నీ మరిచిపోతుంది. "కొత్త స్టీరియో చెడిపోయింది" అని తిప్పి పంపడానికి వచ్చేవాళ్లలో సగానికి సగం ఇదే కేసు. ఇంకొందరు తెలివిగా రెండూ డైరెక్ట్ కరెంటుకే కలిపేస్తారు. అప్పుడు ఏదీ మరిచిపోదు, కాకపోతే మూడోరోజు పొద్దున బండి సెల్ఫు కొట్టదు.

స్పీకర్ల వైర్లు పోల్చడానికి పెన్సిల్ సెల్లు. స్టీరియో కప్లర్ ఊడి ఉండాలి, ఇది ముఖ్యం. కప్లర్‌లో ఒక జత పిన్నులకు సెల్లు చివరలు అర క్షణం ముట్టించి తీస్తే ఆ స్పీకరు "టప్" అంటుంది. ఏ తలుపులో అందో పక్కన కూర్చున్నవాళ్లు చెప్తారు. మా ఇంట్లో ఈ పనికి మా అబ్బాయిని కూర్చోబెట్టేవాణ్ణి. జాలీ తీసి చూడగలిగితే, సెల్లు ప్లస్ స్పీకరు ప్లస్‌కు తగిలినప్పుడు కోను ముందుకు ఉబుకుతుంది, తిరగబడితే లోపలికి పోతుంది.

స్పీకరు మైనస్‌ను ఎట్టి పరిస్థితుల్లోనూ బాడీ ఎర్తుకు కలపొద్దు. పాతకాలం టేప్‌రికార్డర్లు కొన్నిటికి స్పీకరు మైనస్‌లన్నీ కలిపి ఎర్తు చేసే పద్ధతి ఉండేది, ఆ అలవాటు కొందరు పెద్ద మెకానిక్కులను ఇంకా వదల్లేదు. ఇప్పటి స్టీరియోల్లో స్పీకరు రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది. పాట లేకుండా ఆన్ చేసి ఉంచి ఎర్తుకూ ఏ స్పీకరు వైరుకూ మధ్య చూసినా బ్యాటరీలో సగం, సుమారు ఆరు వోల్టులు కనిపిస్తుంది. దాన్ని ఎర్తుకు ఆనిస్తే యాంప్లిఫయర్ ఐసీ పోతుంది.

యాంటెన్నా దగ్గర చాలామంది జారిపోతారు. బండి యాంటెన్నా పిన్ను, కొత్త స్టీరియో రంధ్రం వేరువేరు రకాలైతే చిన్న అడాప్టరు కావాలి, అది అందరికీ తెలుసు. తెలియనిది ఏమిటంటే కొన్ని బండ్లలో యాంటెన్నా అడుగున చిన్న బూస్టరు ఉంటుంది, దానికి 12 వోల్టులు కావాలి. కంపెనీ స్టీరియో ఆ కరెంటు ఇచ్చేది. మీరు నీలం వైరు దానికి కలపకపోతే ఊళ్లో స్టేషన్లు గరగరమంటూ వస్తాయి, ఊరు దాటగానే మాయం. నీలం వైరు స్టీరియో నుంచి బయటికి వచ్చే కరెంటు. దానికి ఎదురు కరెంటు ఇవ్వకూడదు, వాడకపోతే చివర స్లీవు తొడిగి వదిలేయండి.

ఎఫ్ఎం మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట. ఒకాయన అమెరికాలో ఉన్న మేనల్లుడు తెచ్చిన స్టీరియో పెట్టించుకున్నాడు. 98.3 వస్తోంది, 93.5 వస్తోంది. హైదరాబాదు వెళ్తే వివిధ భారతి 102.8 మాత్రం రావడం లేదు, మీ వైరింగే తప్పు అని నా మీదికి వచ్చాడు. వైరింగు తప్పు కాదు. అమెరికాలో ఎఫ్ఎం స్టేషన్లన్నీ చుక్క తర్వాత బేసి అంకెల మీదే ఉంటాయి, అందుకని అక్కడి స్టీరియో ఒక్కో అడుగు 0.2 చొప్పున వేస్తుంది. 102.7 దగ్గర ఆగి 102.9కి దూకుతుంది, 102.8 మధ్యలో మిగిలిపోతుంది. మీడియం వేవ్‌లోనూ అంతే, అక్కడ పదేసి కిలోహెర్ట్జ్‌ల అడుగు, మనకు తొమ్మిదేసి. విజయవాడ కేంద్రం 837 కదా, అది ఆ స్టీరియోకు అందదు. సెట్టింగుల్లో రేడియో ప్రాంతం ఆసియా లేదా యూరప్ అని మార్చగానే అన్నీ వచ్చాయి. బయటి దేశం నుంచి తెప్పించుకునేవాళ్లు కొనే ముందే ఆ ఎంపిక ఉందో లేదో చూసుకోండి.

లేత ఆకుపచ్చ వైరు ఒకటి మిగులుతుంది. అది హ్యాండ్‌బ్రేక్ స్విచ్‌కు పోవాలి, బ్రేకు వేసి ఉంటేనే వీడియో ఆడడానికి. దాన్ని తీసుకెళ్లి నేరుగా ఎర్తుకు కలిపేయమని అందరూ సలహా ఇస్తారు. నేను ఇవ్వను, నా షాపులో చేయను. బండి నడుపుతూ సినిమా చూడాల్సినంత అవసరం ఎవరికీ ఉండదు.

స్టీరింగ్ మీద బటన్లున్న మోడల్ అయితే, మీ తరం బండ్లలో అవి ఎక్కువగా ఒకటి రెండు వైర్ల మీద నడుస్తాయి. ఒక్కో బటన్‌కు ఒక్కో విలువ రెసిస్టరు, నొక్కినదాన్ని బట్టి ఓములు మారతాయి. చాలా ఆండ్రాయిడ్ స్క్రీన్లకు "కీ 1", "కీ 2" అనే వైర్లు ఉంటాయి, వాటికి కలిపి సెట్టింగుల్లో ఒక్కో బటన్ నేర్పుకోవచ్చు. కొన్ని కంపెనీల స్టీరియోలకు వేరే ఇంటర్‌ఫేస్ డబ్బా కావాలి. బ్లూటూత్ మైకు డ్యాష్‌బోర్డు మీద ఏసీ గాలి తగిలే చోట పెట్టకండి, అవతలివాళ్లకు తుపాను వినిపిస్తుంది. స్టీరింగ్ వెనక కాలమ్ మీద పెడితే సరిపోతుంది. బండి ముందుభాగంలో ఉన్న పాత యూఎస్‌బీ రంధ్రం కొత్త స్టీరియోకు చాలావరకు దానంతటది పనిచేయదు, గ్లవ్ బాక్సులోకి ఒక కొత్త యూఎస్‌బీ కేబులు లాగేయండి.

అన్నీ కలిపాక ప్యానల్ నొక్కేయకండి. స్టీరియోను వేలాడదీసి ఉంచి అన్నీ పరీక్షించండి. ఫేడరు (శబ్దాన్ని ముందు వెనకలకు జరిపేది), బ్యాలెన్సు (ఎడమ కుడులకు జరిపేది) తిప్పి నాలుగు స్పీకర్లూ సరైన మూలల్లోనే ఉన్నాయా చూడండి. శబ్దాన్ని ముందుకే తెచ్చి, బ్యాలెన్సు మధ్యలో పెట్టి, ఒకే గొంతు ఉన్న పాట వినండి. గొంతు డ్యాష్‌బోర్డు నడిమధ్య నుంచి రావాలి. అలా కాకుండా చెల్లాచెదురుగా వినిపిస్తూ, బేసు పలచబడితే ఒక స్పీకరుకు ప్లస్ మైనస్ తిరగబడింది. లైట్లు వేసి చూడండి, హజార్డు వేసి చూడండి, హారను కొట్టండి. ఇంజన్ స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే ఆ వేగంతో పాటు "కుయ్య్" అని పెరిగే శబ్దం స్పీకర్లలో వస్తుంటే ముందు ఎర్తును అనుమానించండి. పెయింటు మీద బిగించిన ఎర్తు ఎర్తు కాదు, గీకి లోహం కనిపించేచోట బిగించాలి.

బ్యాటరీ లెక్క బాకీ ఉంది. చిన్న పెట్రోలు బండ్ల బ్యాటరీ 35 ఆంపియర్ అవర్ల దగ్గర ఉంటుంది. బండి నిద్రపోతున్నప్పుడు లాగే కరెంటు 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. పేరు లేని స్క్రీను ఒకటి "నిద్ర మోడ్" పేరుతో 200 మిల్లీ ఆంపియర్లు లాగుతోందనుకోండి. రోజుకు 4.8 ఆంపియర్ అవర్లు. ఐదు రోజులు పెళ్లికి ఊరెళ్లి వస్తే 24 పోయింది, బండి కదలదు. కొలవడానికి మీటరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, మైనస్ టెర్మినల్‌కూ దాని కేబుల్‌కూ మధ్య కలపండి. తలుపులు మూసి, లాకు వేసి ఇరవై నిమిషాలు ఆగి అంకె చూడండి. మీటరు అలా ఉండగా కీ తిప్పి స్టార్ట్ చేశారంటే మీటరు పోతుంది, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి. ఎక్కువ లాగుతుంటే స్టీరియో సెట్టింగుల్లో నిద్ర మోడ్‌ను వెంటనే పూర్తిగా ఆగిపోయేలా మార్చండి. మొదలవడానికి అర నిమిషం ఆలస్యమవుతుంది, అంతకు మించి నష్టం లేదు.

పాత స్టీరియో, దాని స్క్రూలు, బ్రాకెట్లు ఒక డబ్బాలో వేసి, డబ్బా మీద బండి నంబరు రాసి అటక మీద పెట్టండి. కొత్త స్టీరియో ఖరీదైనదైతే ఇన్సూరెన్సు రెన్యువల్‌లో ఎలక్ట్రికల్ యాక్సెసరీలు అనే గడిలో దాని విలువ చూపించండి, లేకపోతే దొంగ ఎత్తుకుపోయినా దాని డబ్బు రాదు.

ఏదీ కొనకముందే ఒక పని చేయండి. పాత స్టీరియో ముందుకు లాగి, వెనక కప్లర్‌ను వైర్లు దిగే వైపు నుంచీ పిన్నుల వైపు నుంచీ రెండు ఫొటోలు తీసి ఇక్కడ పెట్టండి. పిన్నులెన్నో, ఏ మూల ఖాళీయో చూస్తే ఏ కప్లర్ అడగాలో చెప్తాను. ఆ లోపల ఇరుక్కున్న సీడీ ఏదో కూడా చెప్పండి.